గుమ్మడికాయ కొట్టాక డబ్బులేవి తమ్ముడూ?

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఊరు కావలి, వయసు పాతికేళ్లు. బీటెక్ అయ్యాక బెంగుళూరులో రెండేళ్లు ఉద్యోగం చేసి మానేశావు. రెండు షార్ట్ ఫిలింలు తీశావు. చేతిలో ఐదు లక్షలున్నాయి. హైదరాబాద్ వెళ్లి ఎవరి దగ్గరైనా అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరాలా, లేక ఆ డబ్బుతో కావలి చుట్టుపక్కలే ఒక సినిమా తీసెయ్యాలా అన్నది నీ సందేహం. చివర్లో 'ఏ కెమెరా కొనమంటావన్నా' అని కూడా అడిగావు.

కెమెరా సంగతి ముందే తేల్చేస్తాను. కొనొద్దు. నెల్లూరులో, ఒంగోలులో పెళ్లిళ్లు తీసేవాళ్ల దగ్గర నీకు కావలసినవన్నీ ఉన్నాయి. ముహూర్తాలు లేని రోజుల్లో ఆ కెమెరాలు బీరువాల్లోనే పడుంటాయి. అద్దె సగానికి మాట్లాడుకోవచ్చు. కెమెరా కొన్నవాడు ఆ అప్పు తీర్చడానికి పెళ్లిళ్లు తీస్తాడు, పెళ్లిళ్లు తీస్తూ తీస్తూ సినిమా సంగతి మర్చిపోతాడు. ఇట్లాంటివాళ్లు నాకు నలుగురు తెలుసు. నలుగురూ బాగానే సంపాదిస్తున్నారు, అది వేరే సంగతి.

ఇక అసలు ప్రశ్న. నేను నెల్లూరు రంగనాయకులపేట వాణ్ణి. 2011 నుంచి మూడేళ్లు హైదరాబాద్‌లో సౌండ్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాను. మైకు కట్టిన బూమ్ కర్ర పట్టుకుని నిలబడే పనితో మొదలు. 2016 లో సొంత సినిమా షూటింగ్ చేశాను. 2019 లో పూర్తి చేశాను. ఆ మధ్యలో మూడేళ్లు ఎందుకు పట్టిందో చెబితే నీ ప్రశ్నకి సగం సమాధానం అందులోనే ఉంది.

నా దగ్గర ఆరున్నర లక్షలుండేవి. కొంత నాది, కొంత మా బావది, కొంత మా అమ్మ గాజులది. పదిహేడు రోజుల షూటింగ్. ఆఖరి రోజు పొద్దున్నే పెన్న ఒడ్డున, గుడి గోపురం వెనకాల కనబడేట్టు చివరి షాట్ తీసి, గుమ్మడికాయ కొట్టాం. అందరం ఏడ్చాం, ఫోటోలు దిగాం. ఆ గుమ్మడికాయ కొనడానికి మేకప్ చేసే అక్క దగ్గర వంద రూపాయలు అప్పు చేశానన్న సంగతి ఆ ఫోటోల్లో కనబడదు. అంటే షూటింగ్ అయ్యేసరికి నా చేతిలో సున్నా. సినిమా అయిపోయిందనే అనుకున్నాను. నిజానికి అప్పటికి నా దగ్గరున్నవి రెండు హార్డ్ డిస్కులు, ఒక నోట్‌బుక్కు. అంతే. ఆ హార్డ్ డిస్కులు మా అమ్మ బీరువాలో పట్టుచీరల కింద పద్నాలుగు నెలలున్నాయి. ఎవరైనా 'సినిమా ఎంతవరకొచ్చింది అబ్బయ్యా' అని అడిగితే 'పోస్ట్ ప్రొడక్షన్‌లో ఉంది' అని చెప్పేవాణ్ణి. చీరల కింద ఉందని ఎట్టా చెబుతాం?

ఇది నా ఒక్కడి కథ కాదు. మన దగ్గర కొత్తవాళ్ల సినిమాలు షూటింగ్ మధ్యలో ఆగిపోయేది తక్కువ. కొబ్బరికాయ కొట్టాక ఎట్టాగోలా గుమ్మడికాయదాకా లాక్కొస్తారు. చుట్టూ మనుషులుంటారు, ఊపు ఉంటుంది, అన్నం పెట్టేవాళ్లుంటారు. ఆ తర్వాత అందరూ ఇళ్లకి పోతారు, నువ్వూ కంప్యూటరూ మిగులుతారు. సినిమాలు చచ్చిపోయేది అక్కడ.

గుమ్మడికాయ తర్వాత ఏమేం ఉంటాయో నీకు తెలుసనుకో, కానీ డబ్బు లెక్కలో ఒకసారి చూడు. ఎడిటింగ్. అవసరమైన చోట డబ్బింగ్. అడుగుల చప్పుడు, గిన్నెల చప్పుడు లాంటివి విడిగా చేసే ఫోలీ. సీన్ల వెనక వచ్చే సంగీతం, అంటే రీ-రికార్డింగ్. వీటన్నింటినీ కలిపే ఫైనల్ మిక్సింగ్. రంగులు సరిచేసే డిఐ. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్. థియేటర్‌కి వెయ్యాలంటే హాల్లో ఆడించే డిజిటల్ ప్రింటు, అంటే డిసిపి, ఆపైన సెన్సార్. వీటిలో చాలావరకు నెల్లూరులో స్నేహితుడి గదిలో సగం సగం చేసి బయటపడేవి కావు. ఎడిట్ చేసుకోవచ్చు, రఫ్‌గా కలర్ చేసుకోవచ్చు. మిక్సింగ్‌కి మాత్రం సరైన థియేటర్ గదే కావాలి. ల్యాప్‌టాప్ స్పీకర్లలో బాగున్న సౌండ్ హాల్లో పెడితే ఎట్టా ఉంటుందో నేను చూశాను. నా సినిమాయే. మాటలు మూటలో కట్టినట్టు వినబడ్డాయి.

అందుకని నీ ఐదు లక్షల గురించి నా సలహా మొరటుగానే ఉంటుంది. రెండున్నర లక్షలు ఇవాళే అమ్మ పేరు మీద పోస్టాఫీసులో వెయ్యి. అది షూటింగ్ డబ్బు కాదు, దాన్ని ముట్టుకోకు. మిగిలిన రెండున్నర లక్షల్లో ఎన్ని రోజులు తియ్యగలవో అంతే కథ రాసుకో. పధ్నాలుగు మంది యూనిట్‌కి మనిషికి రోజుకి 250 రూపాయలు తిండికి అనుకుంటే, పదిహేడు రోజులకి 59,500. నీ షూటింగ్ డబ్బులో దాదాపు నాలుగో వంతు టిఫిన్, భోజనాలకే పోయింది. ఇక అద్దెలు, బండ్లు, మనుషులకిచ్చే రోజువారీ బేటాలు చూసుకో. ఈ లెక్క వేశాక నీకే తెలుస్తుంది, ఐదు లక్షలకి రెండు గంటల సినిమా రాదు. ఇరవై ఐదు నిమిషాల సినిమా వస్తుంది. అది పూర్తయిన సినిమా అవుతుంది. నాలుగు ఊళ్లలో తెర మీద వేసి చూపించగల పూర్తయిన ఇరవై ఐదు నిమిషాలు, బీరువాలో ఉన్న రెండు గంటల కంటే ఎక్కువ పని చేస్తాయి.

తిండి దగ్గర మాత్రం కక్కుర్తి పడకు. ఎండలో నిలబడ్డ మనిషికి మధ్యాహ్నం నీళ్ల సాంబారు పోస్తే మూడు గంటలకి లైటు పట్టుకునేవాడి చెయ్యి కిందికి జారుతుంది. మా షూటింగ్‌లో పదకొండో రోజు మా పిన్ని చేపల పులుసు చేసి పంపింది. ఆ రోజు మేం తీసినన్ని షాట్లు ఇంకే రోజూ తియ్యలేదు.

అసిస్టెంట్‌గా చేరడం గురించి. మన జిల్లాకే చెందిన సింగీతం శ్రీనివాసరావు గారిని చూడు. కె.వి. రెడ్డి గారి దగ్గర 'మాయాబజార్' రోజుల్లో, అంటే 1957 నాటికే సహాయకుడు. సొంతంగా డైరెక్ట్ చేసిన మొదటి సినిమా వచ్చింది 1972 లో. ఆ పదిహేనేళ్లలో నేర్చుకున్నదంతా తర్వాత ఆయన సినిమాల్లో కనబడుతుంది, కాదనను. కానీ ఆయనకి దొరికిన గురువు కె.వి. రెడ్డి. ఇటు ప్రకాశం జిల్లా నుంచి వెళ్లిన టి. కృష్ణ గారిది ఇంకో దారి. ప్రజానాట్యమండలి, నాటకాలు, స్నేహితులు. ఆ బలంతో 1983 లో 'నేటి భారతం'. 1986 లోనే చనిపోయారు. మధ్యలో ఉన్నవి మూడు నాలుగేళ్లు, అందులోనే అన్ని సినిమాలు. ఇక నీ వయసువాళ్లకి అందరికీ తెలిసింది 2018 నాటి 'కేరాఫ్ కంచరపాలెం'. ఆ ఊళ్లోనే, చాలావరకు ఆ ఊరి మనుషులతోనే, అక్కడికక్కడ రికార్డు చేసిన సౌండ్‌తో తీశారు. అది చూసి మన దగ్గర ఎంతమంది 'కేరాఫ్ మా ఊరు' అని కథలు రాసుకున్నారో లెక్కలేదు. వాళ్లలో చాలామంది గమనించని సంగతి, ఆ సినిమాకి వెనక ఒక నిర్మాత ఉన్నారు, పూర్తయ్యాక విడుదల చెయ్యడానికి పెద్ద సంస్థ ముందుకొచ్చింది. పూర్తయ్యాక. ఆ మాట దగ్గర ఆగి ఆలోచించు.

అందుకని నన్నడిగితే హైదరాబాద్ వెళ్లు, కానీ డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లోకి కాదు. ఒక్క ఏడాది, ఎడిటింగ్ రూంలోగాని సౌండ్ స్టూడియోలోగాని చేరు. నీ వయసులో డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో చేరితే ముందు చేసే పని క్లాప్ కొట్టడం, కంటిన్యుటీ రాసుకోవడం, ఆర్టిస్టుల్ని కారవాన్ నుంచి పిలుచుకురావడం. అదీ చదువే. కానీ డైరెక్టర్ ఎందుకు ఆ షాట్ తీశాడో నీకెవరూ చెప్పరు. ఎడిట్ రూంలో అట్లా కాదు. పెద్ద డైరెక్టర్ తీసిన చెత్త టేకులు కూడా నీ కళ్ల ముందు పడతాయి. ఏ షాట్ లేక సీన్ అతకడం లేదో, దేన్ని దేంతో కప్పి గట్టెక్కిస్తున్నారో రోజూ చూస్తావు. నా మూడేళ్ల సౌండ్ పనిలో నేను నేర్చుకున్న డైరెక్షన్, ఆ తర్వాత చదివిన పుస్తకాలన్నింటికంటే ఎక్కువ. ఇంకో లాభం ఉంది. రేపు నీ సినిమా మిక్సింగ్‌కి వెళ్లినప్పుడు అర్ధరాత్రి పూట స్లాట్ సగం ధరకి ఇచ్చే మనిషి ఆ ఏడాదిలోనే దొరుకుతాడు. నాకు అట్లాగే దొరికాడు. బీరువా తలుపు తెరుచుకున్నది అతని వల్లే.

సింహపురి ఎక్స్‌ప్రెస్ రాత్రికి ఎక్కితే పొద్దున్నే సికింద్రాబాద్. నెలకొకసారి ఇంటికి రావొచ్చు. మరీ ఊరు వదిలి పోతున్నట్టు బెంగ పెట్టుకోకు.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన సంగతి, సౌండ్. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఓపిగ్గా చదువు. కొత్తవాళ్లు బొమ్మ మీద పెట్టే ప్రాణంలో పదో వంతు సౌండ్ మీద పెట్టరు. బొమ్మ కొంచెం మసగ్గా ఉంటే జనం 'ఏదో స్టైల్' అనుకుంటారు, మాట వినబడకపోతే లేచిపోతారు. మాటలే లేకుండా 1987 లో 'పుష్పక విమానం' తీసిన మనిషి ఇందాక చెప్పిన సింగీతం గారే. ఆ సినిమా ఒకసారి కళ్లు మూసుకుని విను, నేను చెప్పేది అర్థమవుతుంది.

మా సినిమాలో ఒక రాత్రి సీను ఉంది. తండ్రీ కొడుకూ సముద్రం వైపు నడిచి వెళ్తూ మాట్లాడుకుంటారు. మైపాడు దగ్గర్లో చోటు చూశాం. లొకేషన్ చూడడానికి వెళ్లింది మధ్యాహ్నం మూడింటికి. గాలి, అలలు, ఎంత ప్రశాంతంగా ఉందో. షూటింగ్‌కి రాత్రి తొమ్మిదింటికి వెళ్లేసరికి చుట్టూ ఉన్న రొయ్యల గుంటల్లో ఏరేటర్లు మొదలయ్యాయి. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది కాబట్టి వాటిని తిప్పేది రాత్రిళ్లే. పదిహేను సంవత్సరాలుగా ఆ చుట్టుపక్కల తిరుగుతున్నాను, ఆ చప్పుడు నా చెవికి ఎప్పుడూ పట్టలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే పట్టింది. గుంట కాపలా ఉన్నాయన్ని బతిమాలితే 'రొయ్య చస్తే నువ్విస్తావా లెక్క?' అన్నాడు. న్యాయమే. ఆ సీను మొత్తం డబ్బింగ్ చెప్పించాం. ఇప్పటికీ ఆ నాలుగు నిమిషాలు నాకు వేరే సినిమాలోంచి తెచ్చి అతికించినట్టే ఉంటాయి. అందుకే ఏ చోటునైనా నువ్వు షూటింగ్ చెయ్యబోయే టైముకే వెళ్లి చూడు, కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు కూర్చో. ముందు చెవులతో చూడాలి.

ఇంట్లో తీసేటప్పుడు ఫ్యాన్ ఆపడం అందరికీ తెలుసు. ఫ్రిజ్ ఎవరికీ గుర్తుండదు. అది మధ్యలో గుర్రుమంటూ మొదలై, నీ బెస్ట్ టేక్ మధ్యలో ఆగుతుంది. అప్పుడు కట్ చేసి అతికిస్తే తేడా తెలిసిపోతుంది. కాబట్టి ఫ్రిజ్ ఆపాలి. ఆపితే, రాత్రి ఇంటికి పోయేటప్పుడు మళ్లీ వెయ్యడం మర్చిపోతారు, ఇంటివాళ్ల పాలు విరిగిపోతాయి, మర్నాడు నిన్ను గడప తొక్కనివ్వరు. దీనికి సౌండ్ వాళ్ల చిట్కా ఒకటుంది. ఫ్రిజ్ ఆపేటప్పుడు నీ బైకు తాళాలు అందులోనే పెట్టు. మర్చిపోయి ఇంటికి ఎట్టా పోతావో చూద్దాం.

గంజి పెట్టిన పంచె, కొత్త చీర, రెండూ కాలర్ మైకుకి శత్రువులు. పెద్దాయన అడుగు వేస్తే కాగితాలు నలిపినట్టు వస్తుంది. బట్టలు ముందురోజే తెప్పించి నీళ్లలో జాడించి ఆరెయ్యమను. ఇంకోటి, ప్రతి చోటా పని అయ్యాక అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం ఖాళీ గదిని రికార్డు చెయ్యి. యూనిట్ వాళ్లు నవ్వుతారు. ఎడిటింగ్‌లో మాటకీ మాటకీ మధ్య సందులు పూడ్చేది ఆ నిమిషమే. ప్రతి షాట్‌కీ క్లాప్ కొట్టు, ఫోన్‌తో తీసినా కొట్టు. పలకల ఊరు మార్కాపురం పక్కన పెట్టుకుని పలక లేదని చెప్పొద్దు, మేం వాడింది అక్కడి మామూలు బడిపలకే. దానిమీద సుద్దతో నంబరు రాసి, పక్కన చప్పట్లు కొట్టేవాళ్లం.

బొమ్మ గురించి ఒక్క ముక్క. సెకనుకి 24 ఫ్రేములు తీస్తున్నప్పుడు షట్టర్ 1/50 దగ్గర పెట్టు. మన కరెంటు 50 హెర్ట్జ్. అట్లా కాకుండా 1/60 లాంటి అంకె పెడితే వంటింట్లో పాత ట్యూబులైటు తెర మీద మినుకుమినుకుమంటుంది. ఫుటేజీ సంగతికొస్తే, సెకనుకి 100 మెగాబిట్లతో రికార్డు చేసే కెమెరాలో గంటకి సుమారు 45 జీబీ అవుతుంది. రోజుకి రెండు గంటలు తీస్తే పదిహేడు రోజులకి ఒకటిన్నర టీబీ. రెండు కాపీలు, రెండు వేర్వేరు ఇళ్లలో. కార్డు ఖాళీ చేసేముందు రెండు చోట్లా ఫైళ్లు తెరిచి చూసే పని ఒక్క మనిషికే అప్పజెప్పు. ఆ మనిషి నువ్వు కాకూడదు. సాయంత్రానికి నీ బుర్ర పని చెయ్యదు.

ఊరి మనుషులతో తీస్తానన్నావు. మంచిదే. నేనూ అదే చేశాను. మా హీరో గూడూరు నిమ్మకాయల మార్కెట్లో మూటలు మోసే యాభై రెండేళ్ల మనిషి. అట్లాంటి ముఖం నాకు ఏ ఆడిషన్‌లోనూ దొరకలేదు. ఎనిమిదో రోజు సెలవు ఇచ్చాం. తొమ్మిదో రోజు పొద్దున నున్నటి గుండుతో దిగాడు. తిరుపతి వెళ్లొచ్చాడట. 'ఏంది మామా ఇది' అంటే, 'మొక్కుబడి అబ్బయ్యా, బిడ్డకి బాగైతే ఇస్తానని మొక్కినా, బాగైంది' అన్నాడు. ఏమంటాం? చేతిలో లడ్డు పెట్టాడు, తిన్నాం. మిగిలిన సీన్లన్నింటిలోనూ తలకి తువ్వాలు చుట్టించాం. రివ్యూ రాసినాయన ఒకరు ఆ తువ్వాలు శ్రమకి ప్రతీక అని మెచ్చుకున్నారు. మనకెందుకు, ఒప్పుకున్నాను. నువ్వు మాత్రం తీసుకునే ప్రతి మనిషినీ ముందే అడుగు. మొక్కులున్నాయా, మాల వేసుకుంటారా, ఇంట్లో పెళ్లి ఉందా, గడ్డం ఎప్పుడు తీస్తారు. వీలైనంతవరకు కథ వరసలోనే తీసుకుంటూ పో. అప్పుడు ఏదైనా మారినా కథలోనే కలిసిపోతుంది.

పద్యనాటకాలు ఆడిన పెద్దవాళ్లు దొరికితే వదులుకోవద్దు, కానీ వాళ్ల గొంతు ఆఖరి వరసకి వినబడేట్టు తయారైన గొంతు. 'తగ్గించండి' అంటే చిన్నబుచ్చుకుంటారు. నేను చేసిందేంటంటే, మా తాత వేషం వేసినాయన్ని రిహార్సల్‌లో పసిపిల్లని ఒళ్లో పడుకోబెట్టుకుని డైలాగు చెప్పమన్నాను. పాప లేస్తుందని ఆయనే తగ్గించుకున్నారు.

ప్రతి ఒక్కరి దగ్గరా ఒక కాగితం మీద సంతకం తీసుకో. ఈ సినిమాలో నటించడానికి ఒప్పుకున్నాను, ఇంత ముట్టింది, ఎక్కడ చూపించినా అభ్యంతరం లేదు, అంతే. తెలుగులో రాసి చదివి వినిపించు. మనవాళ్లేగదా అనుకున్నచోటే ఇబ్బంది వస్తుంది. నా సినిమాకి సంగీతం ఇచ్చింది చిన్ననాటి స్నేహితుడు. కాగితం లేదు. విడుదలకి ముందు అతను ఆ పాటలు సొంతంగా అన్ని యాప్‌లలో పెట్టుకున్నాడు. తప్పేం లేదు, అతని పాటలే. కానీ మర్నాడు మేం ట్రైలర్ ఎక్కిస్తే యూట్యూబ్ దాన్ని వేరేవాళ్ల పాట అని పట్టుకుంది. తేల్చుకునేసరికి మూడు వారాలు. ఇద్దరం మాట్లాడుకోవడం మానేసింది ఆరు నెలలు. ఒక్క కాగితం.

కాగితాల్లోనే ఇంకో రెండు. నీ కథ సారాంశంలో బర్రెలు తోలుకొచ్చే పిల్లాడున్నాడు, బీడీ తాగే తాత ఉన్నాడు. యూట్యూబ్‌లో పెట్టే షార్ట్ ఫిలింకి సెన్సార్ అక్కర్లేదు కాబట్టి ఇప్పటిదాకా నీకు ఈ బాధ తెలియదు. థియేటర్‌లో వెయ్యాలంటే సెన్సార్ కావాలి, సెన్సార్‌కి వెళ్తే తెర మీద నటింపజేసిన జంతువుకి జంతు సంక్షేమ బోర్డు అనుమతి అడుగుతారు. ఆ బోర్డు ఆఫీసు ఇప్పుడు హర్యానాలో ఉంది. షూటింగ్‌కి ముందే దరఖాస్తు చెయ్యాలి, పశువుల డాక్టరు సర్టిఫికెట్ జతచెయ్యాలి. 'ఏ జంతువుకీ హాని చెయ్యలేదు' అని మొదట్లో ఒక కార్డు వేస్తే సరిపోతుందనుకుంటారు, సరిపోదు. సాయంత్రం కాలవ దాటుతున్న బర్రెల వెనక మా హీరో మామ నడిచే షాట్ ఒకటి ఉండేది. నా జీవితంలో అంత మంచి షాట్ మళ్లీ తియ్యలేదు. అది నా ఫోన్‌లో ఉంది, సినిమాలో లేదు. బీడీ, చుట్ట కనబడితే సినిమా మొదట్లోనూ మధ్యలోనూ పొగాకు హెచ్చరిక వెయ్యాలి, తాగుతున్నంతసేపూ కింద అక్షరాలు రావాలి. 2023 నుంచి ఓటీటీకి కూడా ఇదే రూలు. తాత చేతిలో బీడీ కథకి కావాలంటే ఉంచు. ఊరికే వాతావరణం కోసమైతే పొడుం డబ్బా ఇచ్చి గట్టెక్కుదామనుకుంటావేమో, అదీ పొగాకే. తమలపాకులు ఇవ్వు.

ఎప్పుడు తియ్యాలి? మనకి వానలు ప్రధానంగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, నవంబర్ అంటే తుఫాను భయం. ఏప్రిల్, మే ఎండలకి కెమెరాలే ఆగిపోతాయి. సంక్రాంతికి అటూ ఇటూ ఉండే పుష్యమాసం మనలాంటివాళ్ల కోసమే పుట్టింది. వానలు పోయి ఉంటాయి, ఎండ మెత్తగా ఉంటుంది, పెళ్లిళ్లు ఉండవు కాబట్టి కెమెరాలూ లైట్లూ ఖాళీ, పైగా బయటి ఊళ్లలో ఉద్యోగాలు చేసే స్నేహితులు పండక్కి వచ్చి ఉంటారు. పొలాల్లో తీసే సీన్లు ఒక్క దెబ్బకి ముగించు. మూడు నెలల తర్వాత మిగిలిపోయిన షాట్ల కోసం ప్యాచ్ వర్క్‌కి వెళ్తే పచ్చటి మడి ఉండదు, కోసిన మొదళ్లుంటాయి. ఇంకో చిన్న సంగతి, నీ కథలో సముద్రంలోకి సూర్యుడు అస్తమిస్తాడని రాశావు. కావలి దగ్గర తుమ్మలపెంటకి రేపు సాయంత్రం ఒకసారి వెళ్లి నిలబడు. మన సముద్రంలో సూర్యుడు లేస్తాడు తమ్ముడూ, కుంగేది వెనకాల.

విడుదల గురించి ఇప్పుడే ఆలోచించకు. సినిమాలు కొని అమ్మే ట్రేడ్ లెక్కల్లో నైజాం, సీడెడ్ లాగా నెల్లూరు కూడా ఒక ప్రత్యేక ఏరియా, అన్నింట్లోకీ చిన్నది. ఇక్కడ ఒక థియేటర్లో మార్నింగ్ షో అద్దెకి తీసుకుని వెయ్యడం కష్టం కాదు, నేనూ నాలుగు రోజులు వేశాను. మొదటి రోజు మా చుట్టాలు, రెండో రోజు మామ వాళ్ల మార్కెట్ హమాలీలు, మూడో రోజు పదకొండు మంది. ఫిలిం ఫెస్టివల్స్‌కి పంపాలనుకుంటే పూర్తి సినిమా ఆన్‌లైన్‌లో పెట్టకుండా ఆగు, చాలాచోట్ల ముందే బయట కనబడినవి తీసుకోరు. గోవాలో నవంబర్‌లో, సినిమాలు తీసేవాళ్లూ కొనేవాళ్లూ కలిసే ఎన్‌ఎఫ్‌డీసీ ఫిలిం బజార్ 2007 నుంచి జరుగుతోంది, 2025 నుంచి దాని పేరు వేవ్స్ ఫిలిం బజార్. రఫ్ కట్, అంటే మొదటి ఎడిట్ దగ్గర ఆగిన సినిమాల్ని చూసి సలహా చెప్పే ల్యాబ్ కూడా అందులో ఉంది. అది నీకు తర్వాతి సినిమాకి.

ఇంట్లో ఏమంటున్నారో నువ్వు రాయలేదు, ఊహించగలను. మా నాన్న నాలుగేళ్లు నాతో అన్నం దగ్గర తప్ప మాట్లాడలేదు. ఈలోగా బతకడానికి పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తావా, కోచింగ్ సెంటర్ల ప్రకటనలు చేస్తావా, ఏదైనా చెయ్యి, చిన్నతనం కాదు. నేను ఇప్పటికీ ఏడాదికి నాలుగు నెలలు వేరేవాళ్ల సౌండ్ పనే చేస్తాను. మా ఇంటి అద్దె కట్టేది అదే, నా సినిమా కాదు.

నీ రెండు షార్ట్ ఫిలింలూ చూశాను. మొదటిది వదిలెయ్, డ్రోన్ షాట్లు ఎక్కువ. రెండోదాంట్లో ఏడో నిమిషం దగ్గర కొడుకు ఉద్యోగం మానేశానని చెబుతాడు. అమ్మ ఏమీ అనకుండా ఉల్లిపాయలు తరుగుతూనే ఉంటుంది, లోపల కుక్కర్ మూడో కూత వేస్తుంది, ఆమె లేచి స్టవ్ ఆపడానికి వెళ్తుంది. ఫ్రేము ఖాళీగా ఉంటుంది. అక్కడ కట్ చెయ్యకుండా అంతసేపు ఉంచావు చూడు, అది బాగుంది. ఆ కూత నువ్వు కావాలని అక్కడ వేయించావా, లేక ఆ రోజు వంట అవుతుంటే దానంతటది పడిందా? అది నాకు రాయి. దాన్ని బట్టి ఎడిటింగా, సౌండా, ఎక్కడ చేరితే మంచిదో చెబుతాను.